మెట్‌పల్లి సెంటర్ ఫీల్డ్‌లో నా కాపురం

నేను ఒక చేతి తొడుగుని. అది కూడా ఎడమ చేతిది మాత్రమే. నన్ను మొదటిసారి చూసిన ప్రతివాడూ అటూ ఇటూ తిప్పి, "రెండోది ఏది?" అని అడుగుతాడు. రెండోది లేదండీ. బేస్‌బాల్ ఆటలో ఒక చేత్తో బంతి పట్టాలి, ఇంకో చేత్తో విసరాలి. విసిరే చెయ్యి ఖాళీగా ఉండాలి కాబట్టి పట్టే చేతికి నన్నొక్కదాన్నే కుట్టారు. చెప్పులకీ గాజులకీ ఉన్న జోడు భాగ్యం నాకు రాసిపెట్టి లేదు. పెళ్ళి చూపుల్లో పెద్దవాళ్ళు అడిగినట్టు జనం ఆ మాటే పదేపదే అడుగుతుంటే మొదట్లో బాధపడేదాన్ని. తర్వాత అలవాటైంది.

నేను పుట్టింది జలంధర్‌లో. ఒక గేదె చర్మం నాకు ఒళ్ళయింది. సత్‌పాల్ అనే ముసలాయన నన్ను కుట్టాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తోలుతాళ్ళతో వల అల్లి, పిడికిలితో రెండు గుద్దులు గుద్ది, పక్కన పడేసి ఇంకోదాన్ని అందుకున్నాడు. నా బారసాల అంతే.

అక్కణ్ణుంచి నన్ను మెట్‌పల్లికి తెప్పించినవాడు లక్ష్మీరాజం. విత్తనాలు, ఎరువులు అమ్మే సేటు. నిండైన పొట్ట, దానికి తగ్గ గొంతు. ఆయనకి ఆటలంటే ఇష్టమని అనుకునేరు, కాదు. ఆయనకి పక్కనున్న కోరుట్లంటే పడదు. కబడ్డీ కప్పు కోరుట్లకే, వాలీబాల్ కప్పు కోరుట్లకే, క్రికెట్టయితే అడగనే వద్దు. "వాళ్ళకు రాని ఆట ఏదన్న ఉంటే చెప్పు సార్" అని హైస్కూల్ డ్రిల్ మాస్టర్ జమీల్ సార్‌ని అడిగాడట. జమీల్ సార్ ఆలోచించి బేస్‌బాల్ అన్నాడు. ఆ పేరు విన్న రోజే లక్ష్మీరాజం క్లబ్బు పెట్టి, తానే అధ్యక్షుడైపోయాడు. మరుసటి ఏడాదికల్లా కోరుట్ల వాళ్ళూ బేస్‌బాల్ నేర్చేసుకున్నారు. అది వేరే సంగతి.

మెట్‌పల్లిలో ఆటగాళ్ళకి కొదవ లేదు. చింతకాయల మీద, మామిడికాయల మీద, కోతుల మీద రాళ్ళు విసిరి పెరిగిన ఊరది. ఎవణ్ణి పిలిచినా పిచరే. అంటే బంతి వేసేవాడు. గురి చూసి వేస్తే కొట్టేవాడు బిక్కమొహం వెయ్యాల్సిందే. పిచర్లు ఎంతమంది కావాలన్నా ఉన్నారు. లేనిదల్లా సెంటర్ ఫీల్డర్.

సెంటర్ ఫీల్డ్ అంటే పేరుకి మధ్య, నిజానికి మైదానంలో అన్నిటికన్నా దూరం. బ్యాటుతో గట్టిగా కొడితే బంతి గాల్లోకి లేచి వెళ్ళి పడేది అక్కడే. నేల తాకకముందే దాన్ని పట్టుకుంటే కొట్టినవాడు అవుట్. కుడికీ ఎడమకీ ఇద్దరు ఫీల్డర్లు ఉన్నా, అక్కడ పెద్దరికం సెంటర్ వాడిది. బంతి తనకి అందుతుందనుకుంటే "నాది!" అని అరవాలి. అరిస్తే మిగతా ఇద్దరూ పక్కకి తప్పుకోవాలి.

మా మార్కెట్ యార్డు మైదానంలో ఆ చోటు తుమ్మ పొదల పక్కన ఉండేది. గేదెలు అక్కడే మేసేవి. డేరా, కుర్చీలు, మైకు, పేపరువాడి కెమెరా అన్నీ బ్యాటు కొట్టే వైపు. ఒకసారి ఊరి కుర్రవాడు ఒకడు నన్ను తొడుక్కుని సెంటర్‌లో ఒక మ్యాచ్ ఆడాడు. మర్నాడు పేపరు తీసుకుని వచ్చి జమీల్ సార్ ముందు పరిచాడు.

"చూడున్రి సార్, గీ ఫోటోల నేనెక్కడున్న? ఆవగింజంత గూడ లేను. మా అమ్మనే గుర్తువట్టలే!"

ఆ రోజు నుంచి వాడూ పిచరయ్యాడు.

అందుకని లక్ష్మీరాజం సెంటర్ ఫీల్డర్లని బయటి ఊళ్ళ నుంచి దిగుమతి చేసేవాడు, మంచి విత్తనాలు తెప్పించినట్టే. సికింద్రాబాద్ నుంచి వచ్చిన మెల్విన్ గొప్ప ఆటగాడే. కానీ దువ్వెనని నా లోపల దాచుకునేవాడు. ఓసారి బంతి పట్టబోతే బంతీ దువ్వెనా రెండూ కింద పడ్డాయి, అతను ముందు దువ్వెన తీసుకున్నాడు. నాందేడ్ నుంచి వచ్చిన సుఖ్‌దేవ్ మంచివాడు. నా తోలుకి నూనె రాసి ముద్దు చేసేవాడు. ఆట మధ్యలో బస్సు హారన్ వినిపిస్తే మాత్రం "చివరి బస్సు సేట్‌జీ" అంటూ మైదానం దాటి అటే పరిగెత్తేవాడు. నిజామాబాద్ నుంచి వచ్చిన వంశీధర్ మరీ ఘనుడు. విరామంలో టీ తాగొస్తానని వెళ్ళి, కోరుట్ల డేరాలో కూర్చున్నాడు. మిగతా ఆట వాళ్ళ తరఫున ఆడి మమ్మల్నే ఓడించాడు.

ఆ దెబ్బకి నాలుగూళ్ళ పెద్దలూ కూర్చుని ఒక నిర్ణయం చేశారు. మేం ఆడేది పసుపు పండే ఊళ్ళ మధ్య జరిగే పోటీ, దాని పేరే పసుపు కప్పు. ఇక మీదట ఏ ఊరి జట్టులో ఆ ఊరివాళ్ళే ఆడాలి. ఆ కబురు ఫోనులో వినగానే లక్ష్మీరాజం విత్తనాల బస్తా మీద కూలబడిపోయాడు.

"సార్, యాభైవేల మంది ఉన్న ఊరు. ఒక్కడు దొరకడా?"

"పిచర్లయితే యాభైవేల మంది ఉన్నరు సేటూ" అన్నాడు జమీల్ సార్.

ఎంపికలు పెట్టారు. ఊరంతా వరస కట్టింది. వచ్చిన ప్రతివాణ్ణీ జమీల్ సార్, "నువ్వు ఏడ నిలవడతవ్?" అని అడిగేవాడు. అందరూ మధ్యలో ఉన్న పిచర్ దిబ్బనే చూపించేవారు. అప్పుడొచ్చాడు రాజలింగం. పశువుల దవాఖానలో అటెండరు. ముప్పై దాటిన మనిషి, పొడుగు కాళ్ళు, తల వంచుకుని నడిచే అలవాటు. జమీల్ సార్ అదే ప్రశ్న అడిగాడు. అతను నోరు విప్పకుండా చెయ్యి చాచి దూరంగా తుమ్మ పొదల వైపు చూపించాడు.

జమీల్ సార్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఆడనా? నిజంగనా?"

రాజలింగం తల ఊపాడు.

నన్ను అతని చేతికి తొడిగారు. సూది మందు చూసి తాడు తెంపుకుని పారిపోయే గేదెల వెనక ఏళ్ళ తరబడి పరిగెత్తిన కాళ్ళవి. గేదె ఎటు మళ్ళుతుందో ముందే కనిపెట్టే కళ్ళు. బంతి అయినా అంతే. బ్యాటు చప్పుడు వినగానే అతను కదిలేవాడు, బంతి వచ్చేసరికి కింద ఉండేవాడు. నాలో పడిన బంతి మళ్ళీ బయటికి జారలేదు. గేదె చర్మాన్ని నేను, గేదెలతో బతికేవాడతను. మాకు కుదరక ఇంకెవరికి కుదురుతుంది? అన్నేళ్ళలో మొదటిసారి నాకొక ఇల్లు దొరికినట్టనిపించింది.

లక్ష్మీరాజం ఆనందానికి పట్టపగ్గాల్లేవు. కొబ్బరికాయ కొట్టాడు. "మనూరోడు! మన నీళ్ళు తాగినోడు!" అని దారిన పోయేవాళ్ళందరికీ చూపించాడు.

రెండో రోజు సాధనలో అసలు చిక్కు బయటపడింది. బంతి సెంటర్‌కీ లెఫ్ట్‌కీ మధ్య గాల్లోకి లేచింది. లెఫ్ట్‌లో గంగారెడ్డి. ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, వంగడం కష్టం, ఆగడం ఇంకా కష్టం. బంతిని చూస్తూ ఇటు గంగారెడ్డి, అటు రాజలింగం పరిగెత్తుకొచ్చారు. రాజలింగం నోరు తెరిచాడు.

"నా... నా... నా..."

"నాది" అనే మాట పూర్తయ్యేలోపు గంగారెడ్డి వచ్చి గుద్దుకున్నాడు. ఇద్దరూ ఎగిరిపడ్డారు. వాళ్ళ కింద నేను పడ్డాను. బంతి తుమ్మ పొదల్లోకి దొర్లిపోయింది.

రాజలింగానికి చిన్నప్పటి నుంచీ నత్తి. అతని తప్పేమీ కాదు. నాకు తెలిసి తప్పంతా చుట్టూ ఉన్నవాళ్ళది. అతను మాట మొదలుపెట్టగానే ఎదుటివాడు ఆ మాట లాక్కుని తానే పూర్తి చేసేవాడు. "టీ... టీ..." అనగానే "టీ తాగుతవా?" అనేవారు. అతను చెప్పబోయింది టీవీ గురించి అయినా సరే, చేతిలోకి టీ గ్లాసు వచ్చేది. అలా తనకి అక్కర్లేని టీలు ఎన్ని తాగాడో పాపం. అందుకే ఎవరూ వచ్చి పలకరించని ఆ దూరపు చోటు కోరుకున్నాడు. తీరా చూస్తే మైదానం మొత్తంలో గట్టిగా నోరు విప్పాల్సినవాడు అక్కడివాడే!

ఆ సాయంత్రం అతను నన్ను తీసి జమీల్ సార్ బల్ల మీద పెట్టాడు. "వ... వద్దు సార్" అన్నాడు. సార్ నన్ను మళ్ళీ అతని చేతికే తొడిగాడు.

"నీ కాళ్ళను ఇడిచిపెట్టి నేనేడికి పోవాలె బేటా? మాట సంగతి నాకిడిచెయ్."

జమీల్ సార్ బుర్రలో ఉపాయాలకి కొదవ లేదు, వాటిలో పనిచేసేవే తక్కువ. మొదట మెడలో ఈల కట్టించాడు. ఈల వినగానే అంపైర్ ఆపాడనుకుని అందరూ ఆట ఆపేశారు, కొట్టినవాడు కూడా. తర్వాత, గేదెల్ని అదిలించేటప్పుడు రాజలింగానికి నత్తి రాదని ఎవరో గుర్తు చేశారు. "అయితే గదే కొట్టు!" అన్నాడు సార్. బంతి లేవగానే రాజలింగం గుండెల నిండా గాలి పీల్చి "హోయ్ హో... హోయ్!" అన్నాడు. గొంతు కంచులా మోగింది. గంగారెడ్డి తప్పుకున్నాడు. కానీ పొదల పక్కన మేస్తున్న గేదెలన్నీ తలలెత్తి, క్రమశిక్షణగా మైదానంలోకి నడిచొచ్చాయి. వాటిని బయటికి తోలేసరికి పొద్దు గూకింది.

పరిష్కారం ఎవరూ వెతకని చోట దొరికింది. ఒక ఆదివారం అతని భార్య అనసూయ సద్ది తెచ్చింది. బీడీలు చుట్టే మనిషి. సన్నగా ఉంటుంది, మాట మాత్రం పదును. అలవాటు లేని చోటు కదా, నెత్తిన గిన్నెతో మైదానం అడ్డంగా నడిచొచ్చేస్తోంది. అప్పుడే బంతి లేచింది. సూటిగా ఆమె మీదికి.

"అనసూయా! జరుగు!"

ఆ మాట రాజలింగం నోటి నుంచి వచ్చింది. ఎక్కడా తడబాటు లేదు. ఆమె పక్కకి జరిగింది, అతను దూకి బంతిని నాలో పట్టాడు. ఆ కేకకి గంగారెడ్డి ఎక్కడివాడక్కడే గడ్డకట్టుకుపోయాడు.

జమీల్ సార్ పరిగెత్తుకొచ్చాడు. "మళ్ళనోసారి అను బేటా!"

"అనసూయా" అన్నాడు రాజలింగం సిగ్గుపడుతూ.

ఆ పేరొక్కటే అంత తేలిగ్గా ఎందుకు పలికిందో వాళ్ళెవరికీ అర్థం కాలేదు. నాకు కొంచెం అర్థమైంది. సద్ది తినేటప్పుడు నేను అతని పక్కనే ఉన్నాను. అతను ఏదో చెప్పబోయి ఆగిపోయాడు. ఆమె మాట లాక్కోలేదు. పచ్చడి కలుపుకుంటూ ఊరుకుంది. అతను తన మాటని తానే, తీరిగ్గా, చివరి దాకా చెప్పుకున్నాడు.

ఇక "నాది" అనే బదులు "అనసూయా" అని అరవాలని క్లబ్బు ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ పేరు గల మనిషిని అడగాలని మాత్రం ఒక్కడికీ తోచలేదు. సంగతి తెలిసిన సాయంత్రమే ఆమె బీడీల చేట పక్కన పెట్టి నేరుగా లక్ష్మీరాజం దుకాణానికి వెళ్ళింది. రాజలింగం నన్ను చంకలో పెట్టుకుని వెనకే నడిచాడు.

"ఏం కాకా, నా పేరు మీ టీమ్ సొమ్మా? పదిమంది మొగోళ్ళ నడుమ నా పేరు పెట్టి ఒర్లుడేంది? మా మామ గూడ ఆటకొస్తడు. పెండ్లయినప్పటి సంది మా మామ ముందట నా పేరు పిల్వని ఈ మనిషి, ఇప్పుడు ఊరంత ఇనేటట్టు పిలుస్తడా?"

"బిడ్డా, ఊరి ఇజ్జత్ సవాల్..."

"ఊరి ఇజ్జత్ నా పేరు మీద నిలవడ్డదా?"

లక్ష్మీరాజం అటు తిరిగి విత్తనాల బస్తాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఆమె మొగుడి వైపు తిరిగింది. అతను కళ్ళు దించుకుని నా తాళ్ళు సర్దుతున్నాడు. ఆ చేతుల్ని ఆమె కాసేపు చూసింది.

"ఆడాలని ఉన్నదా నీకు?"

"ఉ... ఉన్నది."

"అయితే ఒక మాట. నా పేరు పిల్చినవంటె ఆ బాల్ పట్టాలె. నా పేరు పిల్చి బాల్ కింద పడేసినవనుకో, ఇంటికి రాకు. గా గ్రౌండ్లనే పండుకో."

ఆ షరతు విని నా కుట్లు బిగుసుకుపోయాయి. సగం బాధ్యత నాదే కదా.

పసుపు కప్పు ఆఖరి పోటీ మాకూ కోరుట్లకూ పడింది. ఊరంతా వచ్చింది. ముందు వరుసలో రాజలింగం తండ్రి నడిపి మల్లయ్య, భుజాన తువ్వాలు, వేళ్ళ మధ్య బీడీ. మీసం మెలి తిప్పితే తప్ప మాట్లాడని మనిషి. ఆడవాళ్ళ వైపు అనసూయ.

ఆట మధ్యలో మేం ముందంజలో ఉండగా సెంటర్‌కీ లెఫ్ట్‌కీ మధ్య బంతి లేచింది. మేం దాని కిందికి చేరుకున్నాం. రాజలింగం నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే అతని చూపు ముందు వరుసలోని తండ్రి మీద పడింది. నోరు మూసుకున్నాడు. నా లోపల అతని అరచెయ్యి చెమటతో తడిసిపోయింది. అవతల గంగారెడ్డి కేక కోసం ఎదురుచూస్తూ ఆగాడు. ఇవతల ఇతను ఆగాడు. ఇద్దరు మర్యాదస్థుల మధ్య బంతి నెమ్మదిగా నేల మీద పడింది. కోరుట్ల వాళ్ళు ఇద్దరు బేస్‌లన్నీ చుట్టి వచ్చి రెండు పరుగులు తీశారు. మా ఆధిక్యం ఒక్క పరుగుకి దిగింది.

డేరాలో లక్ష్మీరాజం నెత్తి బాదుకున్నాడు. జనం గొణిగారు. ఎవడో "మూగోన్ని పెట్టిన్రు" అన్నాడు. ఆ మాట మా దాకా వచ్చింది.

ఆఖరి ఘట్టం. కోరుట్ల వాళ్ళు ఇద్దరు అవుటయ్యారు, ఇంకిద్దరు మైదానంలో పరుగుకి సిద్ధంగా ఉన్నారు. ఇంకొక్కణ్ణి అవుట్ చేస్తే కప్పు మాది, చెయ్యకపోతే వాళ్ళది. వాళ్ళలో బలమైనవాడు బ్యాటు ఊపుతూ వచ్చాడు. అప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి ఒక గొంతు లేచింది.

"రాజలింగం!"

మొగుణ్ణి పేరు పెట్టి, అదీ మామ ముందు, ఊరందరి ముందు! నడిపి మల్లయ్య వేళ్ళ మధ్య నుంచి బీడీ జారి తువ్వాలు మీద పడింది. అనసూయ లేచి నిలబడి ఉంది. కొంగు నడుముకి బిగించింది.

"నీ పేరు నేను పిల్చిన. ఇగ నా పేరు నువ్వు పిలువు. సిగ్గెందుకు?"

పిచర్ బంతి వేశాడు. బ్యాటు తగిలింది. బంతి ఎత్తుగా, చాలా ఎత్తుగా, మళ్ళీ సెంటర్‌కీ లెఫ్ట్‌కీ మధ్యకే లేచింది. గంగారెడ్డి దున్నపోతులా వస్తున్నాడు. రాజలింగం ఆకాశం వైపు తల ఎత్తాడు. ఆ మనిషి తల అంత పైకెత్తగా నేనెప్పుడూ చూడలేదు.

"అనసూయా!"

తుమ్మ పొదల్లోంచి పిట్టలు లేచిపోయాయి. గంగారెడ్డి కాళ్ళు నేలకి తన్ని ఆగాడు. జనంలో అదే పేరు గల ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు ఉలిక్కిపడి లేచి నిలబడ్డారు. బంతి వచ్చి నా వలలో పడింది. పడ్డ వేగానికి నా తాడొకటి పుటుక్కున తెగింది. నేను వదల్లేదు. అతనూ వదల్లేదు.

ఆ తర్వాతి సందడి మీరే ఊహించుకోండి. లక్ష్మీరాజం ఆ పొట్టతో సెంటర్ ఫీల్డ్ దాకా పరిగెత్తాడు. నడిపి మల్లయ్య తువ్వాలుకి పడిన కాలిన బొక్క చూసుకుంటూ, మీసం మెలి తిప్పి, "పేరు మంచిగనే పిల్చిండు. అందరికీ ఇనవడ్డది" అన్నాడు. కోడలికి ఆయన ఇచ్చిన మన్నింపూ మెచ్చుకోలూ ఆ ఒక్క మాటే. ఆమె సరిపెట్టుకుంది.

మరుసటి ఏడాది ఎంపికల్లో జమీల్ సార్, "ఏడ నిలవడతవ్?" అని అడిగితే కుర్రవాళ్ళు తుమ్మ పొదల వైపు చెయ్యి చూపించడం మొదలుపెట్టారు. పిచర్లకి కరువొచ్చేలా ఉందని ఆయన కొత్త దిగులు పెట్టుకున్నాడు. మెట్‌పల్లిలో ఎవడు సెంటర్‌లో నిలబడినా, పెళ్ళయినా కాకపోయినా, బంతి లేస్తే "అనసూయా!" అనే అరుస్తాడు. బయటి ఊరివాళ్ళు అదేదో అమ్మవారి పేరనుకుంటారు.

రాజలింగానికి ఇప్పటికీ నత్తి ఉంది. ఊళ్ళో వాళ్ళు మాత్రం అతను మాట్లాడుతుంటే ఆగడం నేర్చుకున్నారు. అందరూ కాదు, కొందరు. అతనికి ఇప్పుడు టీవీ గురించి చెప్పాలనుకుంటే టీవీ గురించే చెప్పే వీలు దొరుకుతోంది.

నా వల ఆ తర్వాత నిలవలేదు. ముడి వేస్తే ఇంకో చోట తెగింది. అతనికి కొత్త తొడుగు వచ్చింది. నన్ను పారేయడానికి అతనికి మనసొప్పక ఇంటికి తెచ్చాడు. అనసూయ నన్ను వంటింట్లో మేకుకి తగిలించింది. అన్నం గిన్నె దించడానికి నాకంటే మంచి గుడ్డ లేదని నాలుగిళ్ళకీ చెప్పింది. గంజి ఆవిరి తగిలి నా తోలు మెత్తబడింది. మైదానంలో ఎండ కంటే ఇది నయం. పైగా ఇక్కడ నన్ను రెండోది ఏదని ఎవరూ అడగరు.

మొన్న మధ్యాహ్నం రాజలింగం దవాఖానకి వెళ్ళాడు. మామ అరుగు మీద కునుకు తీస్తున్నాడు. ఆమె గిన్నె దించి, నన్ను మేకుకి తగిలించబోయి ఆగింది. వేళ్ళన్నీ సరిగ్గా నా లోపలికి దూర్చి చూసుకుంది. బుట్టలోంచి ఒక ఉల్లిగడ్డ తీసుకుని పెరట్లోకి వచ్చింది. అటూ ఇటూ చూసి పైకి ఎగరేసింది. జారింది. మళ్ళీ ఎగరేసింది, పట్టుకుంది. ముక్కు మీద చెమట తుడుచుకుని, కొంగు నడుముకి చెక్కి, ఈసారి ఇంటి కప్పు దాటేలా విసిరింది.

ఆమె కళ్ళు ఆకాశంలో ఉన్నాయి. నేను వల లేని నా చేతిని వీలైనంత విప్పి సిద్ధంగా ఉన్నాను.